కడపలో కొట్టు పెట్టినవాళ్లకు వెబ్‌సైట్ కావాలా, ఇన్‌స్టా, వాట్సాప్ చాలా?

ఏడు రోడ్ల దగ్గర మాది ఫ్లెక్స్, ప్రింటింగ్ షాపు. బోర్డు రాయించడానికి, విజిటింగ్ కార్డులు వేయించడానికి వచ్చేవాళ్లు ఈ నాలుగైదేళ్లుగా ఇంకో ప్రశ్న కూడా వెంట తెస్తున్నారు. "అన్నా, ఎవరో ఫోన్ చేసి వెబ్‌సైట్ చేసిస్తాం, పదహైదు వేలు అంటున్నారు. మా పిల్లోడేమో ఇన్‌స్టాలో పేజీ పెడితే చాలంటాడు. కార్డు మీద ఏది వేయిద్దాం?" ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊళ్లో చిన్న వ్యాపారాల్లో ఎక్కువ భాగానికి మొదటి రోజే వెబ్‌సైట్ అక్కర్లేదు. కొన్నింటికి మాత్రం అది లేకనే ఆర్డర్లు పోతున్నాయి, పోతున్నట్టు వాళ్లకు తెలియడం కూడా లేదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేలాలంటే మీ కస్టమర్ ఎంత దూరం నుంచి వస్తాడు, రాకముందు మిమ్మల్ని ఎంత నమ్మాలి అన్నవి చూడాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది దూరం. కస్టమర్ నడిచో, బండి మీదో వచ్చేవాడైతే అతనికి కావాల్సినవి మూడే: షాపు ఎక్కడ, ఇప్పుడు తెరిచి ఉందా, ఫోన్ నంబరెంత. బెంగళూరు నుంచో చెన్నై నుంచో అడ్వాన్స్ పంపాల్సినవాడైతే అతనికి మీ ముఖం తెలీదు, మీ వీధి తెలీదు. మీరు నిజంగా ఉన్నారని, సరుకు పంపుతారని ముందు నమ్మకం కుదరాలి.

రెండోది, అతను మిమ్మల్ని వెతుక్కుంటాడా, కంటపడితే కొంటాడా. పన్ను నొప్పి వచ్చినవాడు దగ్గర్లో క్లినిక్ ఎక్కడుందా అని వెతుకుతాడు. మగ్గం వర్క్ జాకెట్టు కుట్టించుకోవాలని అప్పటిదాకా అనుకోని ఆడపిల్ల కూడా ఫోన్‌లో మంచి డిజైన్ కనబడితే ఆగి చూస్తుంది. ఈ రెండు రకాల కొనుగోళ్లకు దారులు వేరు.

మూడోది ఒక్కో బేరం విలువ. యాభై రూపాయల కారం దోసె తినేవాడు మీ గురించి చదవడు. లక్ష రూపాయల లోడు తెప్పించుకునేవాడు పది చోట్ల చూసి, చదివి, ఇంట్లోవాళ్లకు చూపించి, అప్పుడు ఫోన్ చేస్తాడు.

నాలుగోది చాలామంది మర్చిపోయేది: రోజూ ఎవరు చూసుకుంటారు? ఇన్‌స్టా పేజీకి డబ్బు ఖర్చు లేదు గానీ రోజుకు అరగంటో గంటో పడుతుంది. కౌంటర్‌లో కూర్చున్నది మీరొక్కరే అయితే ఆ గంట ఎక్కడి నుంచి వస్తుందో ముందే ఆలోచించుకోవాలి.

## ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్

మా మరదలు చిన్నచౌక్‌లో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. ఒకరోజు రాత్రి పని చేసుకుంటూ ఫోన్‌ను స్టూలు మీద ఆనించి రీల్ తీసింది. మగ్గానికి బిగించిన ఆకుపచ్చ పట్టుగుడ్డ, పైనుంచి దిగి కింది దారాన్ని లాక్కొచ్చే ఆరీ సూది, పక్కన గిన్నెలో జర్దోసి ముక్కలు, అంతే. పాట కూడా పెట్టలేదు, సూది చప్పుడే వినిపిస్తుంది. ఆ రీల్ చూసి ప్రొద్దుటూరు నుంచి రెండు, రాజంపేట నుంచి ఒకటి, మూడు పెళ్లి జాకెట్ల ఆర్డర్లు వచ్చాయి. వెబ్‌సైట్ పెట్టి ఉంటే ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా వచ్చేవారు కాదు. వాళ్లెవరూ ఆమె కోసం వెతకలేదు, ఆమె పనే వాళ్ల కంటపడింది.

అదే రీల్ కింద కామెంట్లు చూస్తే నాకు బాధేసింది. "ప్లేస్ ఎక్కడక్కా?" "ప్రైస్?" "కడపలో ఎక్కడ?" ఇవే నలభై దాకా ఉన్నాయి. ప్రొఫైల్‌లో అడ్రస్ లేదు, నంబర్ లేదు. జవాబు ఇచ్చేలోపు సగం మంది వేరే రీల్‌కు వెళ్లిపోయి ఉంటారు. పోస్టు కింద రాసే మాటల్లో లింక్ పెట్టినా నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెడితేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఊరు, ఏరియా, వాట్సాప్ లింకు ప్రొఫైల్‌లో ఉండి తీరాలి. ధర చెప్పడానికి మొహమాటం అనిపిస్తే "ఇంత నుంచి మొదలు" అనైనా రాయండి.

చీరలు, బొటిక్, మెహందీ, బ్యూటీ పార్లర్, ఇంట్లో చేసే కేకులు, ఫొటోగ్రఫీ లాంటివాటికి ఇన్‌స్టానే ముందు. శ్రావణమాసం, రంజాన్, పెళ్లి ముహూర్తాల ముందు నెల నుంచి రోజూ ఏదో ఒకటి పెడుతూ ఉంటే ఫలితం కనబడుతుంది. ఆ రోజుల్లో రోజుకు వంద, రెండు వందలు పెట్టి ప్రకటన నడిపినా, కడప చుట్టూ ఇన్ని కిలోమీటర్లలో ఉన్నవాళ్లకే కనబడాలని పెట్టుకోవచ్చు. నలభై దాటినవాళ్లు ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు కాబట్టి అదే పోస్టు అక్కడా వేయండి, దానికి వేరే శ్రమ లేదు.

లోటు ఏమిటంటే, పోస్టు బతికేది కొద్ది రోజులే. పోయిన దసరాకు పెట్టిన మంచి డిజైన్‌ను ఈ దసరాకు ఎవరూ కిందికి జరుపుకుంటూ పోయి చూడరు. పైగా ఆ స్థలం మనది కాదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు, దాని మీదే పేరు తెచ్చుకున్నవాళ్ల ఫాలోయర్లంతా ఒక్కసారిగా పోయారు. 2021 అక్టోబర్ 4న రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. మూడూ ఒకే కంపెనీవి కాబట్టి, మూడింట్లో ఉన్నాం కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

## వాట్సాప్ బిజినెస్

దీని మీద పెద్దగా ఆలోచించే పనే లేదు, పెట్టుకోండి. మామూలు వాట్సాప్‌లాంటిదే, వ్యాపారుల కోసం 2018లో వచ్చింది, ఉచితం. సరుకు ఫొటోలు, ధరలతో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. షాపు మూసిన వేళల్లో దానంతటదే జవాబు వెళ్తుంది. ఒకటే గుర్తుంచుకోండి: ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మంది వరకే పడతారు, అందులోనూ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "నంబర్ సేవ్ చేసుకోండమ్మా" అని అడగాలి. పాత కస్టమర్‌ను నిలబెట్టుకోవడానికి దీనికి మించింది లేదు. కొత్త కస్టమర్‌ను మాత్రం ఇది తీసుకురాదు.

## గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు

వెబ్‌సైటా, సోషల్ మీడియానా అని అడిగేవాళ్లలో ఎక్కువమంది దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. నన్నడిగితే మొదట చేయాల్సింది ఇదే. మెకానిక్, టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, డయాగ్నోస్టిక్ సెంటర్, లాడ్జి, వీటి కోసం మనుషులు మ్యాప్స్‌లోనే వెతుకుతారు. పెద్ద దర్గా ఉరుసుకు వచ్చినవాళ్లు, ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చినవాళ్లు మన ఊరికి కొత్త. వాళ్లకు దారి చూపేది ఫోనే.

మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు పెట్టుకునేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో, అది ఉచితం. షాపు మీదేనని నిరూపించుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతోంది: వీధి, బోర్డు, షట్టర్ తాళం తీస్తూ లోపలికి వెళ్లడం, అన్నీ ఒకే వీడియోలో తీయాలి. బోర్డు మీద ఉన్న పేరు, ప్రొఫైల్‌లో రాసిన పేరు ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఇబ్బంది పడతారు. తర్వాత వేళలు సరిగ్గా పెట్టండి, పండగ సెలవులతో సహా. తెరిచి ఉందని చూపిస్తే ఎండలో వచ్చి మూసిన షట్టర్ చూసి వెనక్కి పోయిన మనిషి మళ్లీ రాడు. రివ్యూలు నిజమైన కస్టమర్లను అడిగి రాయించుకోండి. డబ్బిచ్చి రాయించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. తిట్టినవాళ్లకు కూడా మర్యాదగా జవాబు రాయండి, ఆ జవాబును కొత్తవాళ్లు చదువుతారు.

## సొంత వెబ్‌సైట్

మాకు తెలిసిన ఒకాయనకు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర కూర్చుని ఉండగా బెంగళూరు నుంచి ఒక ఇంజనీర్ ఫోన్ చేశాడు, "మీ వెబ్‌సైట్ లింక్ పంపండి" అన్నాడు. ఈయన వాట్సాప్‌లో పదకొండు ఫొటోలు పంపాడు. ఒకదానికి వేలు అడ్డం వచ్చింది, రెండు ఎండకు తెల్లబోయాయి. అటు నుంచి ప్రశ్నలు: మందం ఎంత, సైజులేవి, పాలిషా, లెదర్ ఫినిషా, చదరపు అడుగు ఎంత, లోడింగ్ ఎవరిది. ఈయన చేతులకు రాతిపొడి ఉంది, టైప్ చేయలేడు. ఒక్కోదానికీ ఒక్కో వాయిస్ మెసేజ్ పెట్టాడు, వెనక కటింగ్ మిషన్ చప్పుడు. ఆ ఇంజనీర్‌కు తెలుగు అంతంతమాత్రం. మళ్లీ ఫోన్ రాలేదు.

రాయి మంచిదే, ధర న్యాయమైనదే, మనిషి నికార్సైనవాడు. అవతలివాడికి ఇవేవీ కనబడే దారి లేదు. ఆ ఇంజనీర్ తన ఓనర్‌కు చూపించడానికి ఒక పేజీ కావాలి. సైజులు, మందాలు, ఫినిష్‌లు ఒక పట్టికలో, ఒక్కో ఫినిష్‌కు ఒక మంచి ఫొటో, యూనిట్ ఫొటో, జీఎస్టీ నంబరు, లోడు పంపిన ఊళ్లు, ఇవి చాలు. జీఎస్టీ నంబరు ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టి ఆ పేరున వ్యాపారం ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. దూరం వాళ్లకు అదే పెద్ద భరోసా.

ఇక్కడ మన ఊరికే చెందిన ఒక కిటుకుంది. ఇంగ్లీషులో కడప పేరును మూడు రకాలుగా రాస్తారు. సీ అక్షరంతో మొదలయ్యేది పాత స్పెల్లింగ్, 2005లో జిల్లా పేరు కే అక్షరానికి మారింది, ముంబై, పుణె వైపు వంటింటి అరలకు మన రాయే వాడుతూ దాన్ని "కడప్పా" అంటారు, అందులో పీ రెండుసార్లు వస్తుంది. కొనేవాడు ఈ మూడింట్లో ఏది కొట్టి వెతుకుతాడో మనకు తెలీదు. వెబ్‌సైట్‌లో మూడూ సహజంగా వచ్చేలా రాసుకుంటే ముగ్గురికీ దొరుకుతాం. ఇన్‌స్టా పోస్టుతో ఇంత పని జరగదు.

వెబ్‌సైట్ లోటుపాట్లు కూడా చెప్పాలి. పెట్టిన మర్నాడే ఎవరూ రారు, గూగుల్‌లో పైకి రావడానికి నెలలు పడుతుంది. ఏటా డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) రెన్యూవల్ కట్టాలి, మరిస్తే సైట్ ఆగిపోతుంది. పాత ధరలు, పనిచేయని నంబర్ ఉన్న సైట్ కంటే సైట్ లేకపోవడమే మేలు. ఉచితం కదా అని ఆధారపడినా చిక్కే: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు వచ్చే ఉచిత వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది.

## ఒక చూపులో

| చూడాల్సింది | ఇన్‌స్టా, ఫేస్‌బుక్ | వాట్సాప్ బిజినెస్ | గూగుల్ మ్యాప్స్ | సొంత వెబ్‌సైట్ |
|---|---|---|---|---|
| ఎవరిని తెస్తుంది | చూసి ముచ్చటపడేవాళ్లను | పాతవాళ్లను మళ్లీ | దగ్గర్లో వెతికేవాళ్లను | దూరం నుంచి వెతికేవాళ్లను |
| డబ్బు | ఉచితం, ప్రకటనలకు మీ ఇష్టం | ఉచితం | ఉచితం | చేయించడానికి ఒకసారి, ఆపైన ఏటా |
| సమయం | రోజూ | మెసేజ్ వచ్చినప్పుడల్లా | వారానికి కాసేపు | మొదట ఎక్కువ, తర్వాత తక్కువ |
| ఫలితం కనబడేది | రోజుల్లో | వెంటనే | వారాల్లో | నెలల్లో |
| పెట్టింది ఎన్నాళ్లు పనిచేస్తుంది | కొద్ది రోజులు | చాట్ ఉన్నంతవరకు | రివ్యూలు నిలిచి ఉంటాయి | ఏళ్ల తరబడి |
| ఎవరి చేతిలో ఉంటుంది | కంపెనీ చేతిలో | కంపెనీ చేతిలో | గూగుల్ చేతిలో | డొమైన్ మీ పేరున ఉంటే మీ చేతిలో |

## మీది ఏ వ్యాపారం?

టిఫిన్ సెంటర్, కిరాణా, మెకానిక్, సెలూన్ అయితే మ్యాప్స్, వాట్సాప్ చాలు. ఎవరైనా వచ్చి వెబ్‌సైట్ చేస్తామంటే వద్దని చెప్పండి. ఆ డబ్బుతో మంచి బోర్డు, రాత్రి కనబడే లైటు పెట్టించుకోండి. ఇది నేను బోర్డులు చేసేవాడిని కాబట్టి అంటున్నది కాదు, మ్యాప్స్ చూసుకుంటూ వీధిలోకి వచ్చినవాడు ఆఖరున వెతికేది బోర్డునే.

బొటిక్, మగ్గం వర్క్, చీరలు అయితే ఇన్‌స్టాతో మొదలుపెట్టండి, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకోండి. వేరే రాష్ట్రాల నుంచి, విదేశాల్లో ఉన్న మనవాళ్ల నుంచి క్రమంగా ఆర్డర్లు వస్తూ, సైజులు, ధరలు, కొరియర్ గురించి అవే ప్రశ్నలకు రోజుకు ఇరవైసార్లు జవాబు చెప్తున్నారంటే అప్పుడు వెబ్‌సైట్‌కు వేళయినట్టు. మాధవరం చీరలు అమ్మేవాళ్లకు, ధర్మవరం పట్టు తెచ్చి అమ్మేవాళ్లకు ఆ రోజు త్వరగానే వస్తుంది. నేత గురించి, అసలు మగ్గం చీరను గుర్తుపట్టడం గురించి రాయడానికి వాళ్లకు చాలా ఉంది, అలాంటి రాతలను వెతుక్కుంటూ వచ్చి చదివేవాళ్లూ ఉన్నారు.

గండికోటలో టెంట్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లకు రెండూ కావాలి. లోయ మీద తెల్లవారే దృశ్యం రీల్‌గా పెడితే జనం చూస్తారు. బుక్ చేసుకునేముందు మాత్రం బాత్‌రూమ్ ఎలా ఉంటుంది, భోజనం ఏమిటి, ఆడవాళ్లతో వస్తే భద్రతేనా, రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందా అని చూస్తారు. ఈ నాలుగూ ఒక పేజీలో స్పష్టంగా రాసి ఉంచితే ఫోన్‌లో బేరాలు సగం తగ్గుతాయి.

క్లినిక్, ల్యాబ్‌లకు మ్యాప్స్ ముందు. దాంతోపాటు డాక్టర్ చదువు, ఓపీ వేళలు ఉన్న ఒక చిన్న పేజీ ఉంటే మంచిది. డ్యాన్సులు చేసే రీల్స్ జోలికి పోకండి, రోగి వెతికేది నిదానమున్న డాక్టర్‌ను. కోచింగ్ సెంటర్‌కు ఫేస్‌బుక్, యూట్యూబ్ పాఠాలు పనికొస్తాయి, ఫీజులు కట్టేది తల్లిదండ్రులు కాబట్టి వాళ్లు అడిగే వివరాలకు ఒక సైట్ ఉంటే నమ్మకం పెరుగుతుంది.

నాపరాళ్లు, పసుపు, మామిడి లాంటి సరుకు టోకున బయటికి పంపేవాళ్లకు నా సలహా ఒకటే: ముందు వెబ్‌సైట్. ఇన్‌స్టా ఉన్నా లేకపోయినా ఫరవాలేదు.

## తాళంచెవి ఎవరి దగ్గర?

ఏది ఎంచుకున్నా ఈ ఒక్క విషయంలో పట్టుదలగా ఉండండి. మా మరదలి పేజీని మొదట్లో పక్కింటి కుర్రాడు చూసిపెట్టేవాడు. మంచివాడే. తన మెయిల్, తన నంబరుతో తెరిచాడు. తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, సిమ్ మార్చాడు, మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయాడు. రెండేళ్ల ఫొటోలు, ఫాలోయర్లు ఉన్న పేజీ కళ్లెదుటే ఉంది, లోపలికి పోవడానికి లేదు. కొత్త పేజీ పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ వారం రోజులూ ఆమె పడిన టెన్షన్ నాకు తెలుసు. సూది చేతపట్టడానికే మనసు రాలేదు.

వెబ్‌సైట్లలోనూ ఇదే జరుగుతోంది. చేసిచ్చేవాళ్లు డొమైన్‌ను తమ పేరున రిజిస్టర్ చేసుకుంటారు. ఏడాది తర్వాత వాళ్లు అడిగినంత ఇవ్వాలి, లేదా పేరు వదులుకోవాలి. మా షాపుకు వచ్చే ఒక కస్టమర్‌కు అదే జరిగింది, బోర్డు మీద, బిల్లుబుక్కుల మీద వేసిన పేరంతా మార్పించాడు.

అందుకని: షాపు పేరున ఒక మెయిల్ తెరవండి, మీ దగ్గరే శాశ్వతంగా ఉండే నంబరు దానికి కలపండి. ఇన్‌స్టా, గూగుల్, డొమైన్ అన్నీ ఆ మెయిల్‌తోనే. చూసుకునేవాళ్లకు అనుమతి మాత్రం ఇవ్వండి, పాస్‌వర్డ్ ఇవ్వకండి. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత పెట్టుకుని, ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి అది ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

## ఖర్చు, ఒక మధ్యేమార్గం

డాట్ ఇన్ డొమైన్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది, డాట్ కామ్ కొంచెం ఎక్కువ. మొదటి ఏడాది తక్కువ చూపించి రెన్యూవల్‌కు పెంచేవాళ్లున్నారు, రెన్యూవల్ ధరే చూసి కొనండి. తెలుగు అక్షరాల్లోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు. మనవాళ్ల కోసమైతే ముచ్చటగా ఉంటుంది గానీ, బయటి రాష్ట్రాలవాళ్లు దాన్ని టైప్ చేయలేరు కాబట్టి రెండోదిగా మాత్రమే పెట్టుకోండి. సైట్ చేయించేటప్పుడు పేజీలు ఎన్ని అని అడిగే ముందు ఫోన్‌లో ఎలా కనబడుతుందో చూపించమనండి, ధర మార్చాలంటే మీరే మార్చుకోగలరా అని అడగండి. చిన్న మార్పుకు కూడా వాళ్లనే పిలవాలంటే ఆ సైట్ ఆరు నెలల్లో పాతబడుతుంది.

ఇప్పుడే వెబ్‌సైట్ వద్దు, రేపు కావాల్సి రావచ్చు అనుకునేవాళ్లకు నేను చెప్పేది: డొమైన్ మాత్రం ఇప్పుడే మీ పేరున కొనండి. దాన్ని కొడితే నేరుగా మీ ఇన్‌స్టా పేజీకో వాట్సాప్‌కో వెళ్లేలా పెట్టుకోవచ్చు, ఎక్కువ కంపెనీలు ఈ సౌకర్యం ఉచితంగానే ఇస్తాయి. బోర్డు మీద, కార్డు మీద, క్యారీ బ్యాగు మీద ఆ పేరే వేయించండి. రేపు ఇన్‌స్టా పేజీ మారినా, వెబ్‌సైట్ పెట్టినా, ప్రింట్ చేసింది ఏదీ పారేయక్కర్లేదు.

క్యూఆర్ కోడ్ వేయించినా ఆ డొమైన్‌కే వేయించండి. ఉచితంగా క్యూఆర్ ఇచ్చే కొన్ని సైట్లు కొన్నాళ్ల తర్వాత దాన్ని ఆపేసి డబ్బు అడుగుతాయి, అప్పటికి వెయ్యి కార్డులు పంచి ఉంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ప్రూఫ్ ఇచ్చేటప్పుడు రెండు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేసి చూసుకున్నాకే ప్రింటుకు పెడుతున్నాం. మీరు ఎక్కడ వేయించినా అదే అడగండి. నాపరాళ్ల యూనిట్ ఆయన కార్డుకు కూడా అలాగే చేశాం: ముందువైపు పేరు, నంబరు, వెనకవైపు సైజుల పట్టిక, మూలన ఆ పట్టిక పెద్దదిగా తెరుచుకునే క్యూఆర్. ఇప్పుడు లింకు అడిగితే ఆయన చేతులు కడుక్కునే పనిలేదు, యూనిట్‌లో లెక్కలు రాసే పిల్లాడు పంపిస్తాడు.